మూడో వరస కుండీలు

ఉప్పునీళ్లకు చావదని దేశదేశాల్లో పేరుపడ్డ వరి, గ్రీన్‌హౌస్‌లోని మూడో వరస కుండీల్లో ఒక్క మొక్క మిగలకుండా చచ్చిపోయి ఉంది.

కీర్తిక ఫోన్‌లో ఆ మాట చెప్పేసరికి డాక్టర్ మరగతం ఇడ్లీ ప్లేటు ముందు నుంచి లేచి నిలబడింది.

"ఏందయింది?" అన్నాడు ఎదురుగా కూర్చున్న భర్త శ్రీనివాసన్. మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. ఆమెకు మేనత్త కొడుకు కూడా.

"మూడో వరస మొత్తం పోయిందంట బావా. ఎవరో కావాలనే చేసినారు."

శ్రీనివాసన్ కాఫీ గ్లాసు పైకెత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. ఆమె అది చూసింది, పట్టించుకోలేదు. చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోకుండా వీధిలోకి పరిగెత్తి ఆటో ఎక్కింది.

ఎవరో కావాలనే చేశారని ఆమె అనుకోవడానికి కారణం ఉంది. శుక్రవారం ఆమె పదవీ విరమణ సభ. ఆ సభలోనే ఆ వరి నుంచి ఆమె తయారుచేసిన వంగడం విత్తనాల సంచులు, సముద్రం పొలాల్లోకి ఎక్కి చౌడుబారిపోయిన తీరపు ఊళ్ల రైతులకు పంచబోతున్నారు. వరిలో ఉప్పును తట్టుకునే జన్యువు ఫలానా చోట ఉందని మొట్టమొదట చెప్పింది మరగతమే. ఇరవై ఏళ్ల కిందటి ఆ పేపర్‌ను ఆధారంగా చూపని పరిశోధకుడు ఆ రంగంలో లేడు. పాఠ్యపుస్తకాల్లో ఆమె పేరు, ఆమె తీసిన ఫోటో ఉన్నాయి. అంత పేరున్న చోట అసూయపడేవాళ్లు ఉండరా?

పైగా ఈ పరీక్ష మామూలు పరీక్ష కాదు. సభ కోసం అచ్చువేస్తున్న ప్రత్యేక సంచికలో కొత్త ఫోటో ఉంటే బాగుంటుందని కీర్తిక ముచ్చటపడింది. ఆమె మరగతం దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న ఆఖరి విద్యార్థిని. "మొదటి పరీక్ష అచ్చం అప్పటి మాదిరే చేద్దాం మేడమ్. అవే మట్టి కుండీలు, అదే కురుచికుప్పం సముద్రపు నీళ్లు, అదే కొలత," అంది. మరగతానికీ సరదా పుట్టింది. కుమ్మరితో కుండీలు చేయించారు. ఒక వరసకు మంచినీళ్లు, మిగతా అన్నిటికీ ఉప్పునీళ్లు. మూడో వరసలో ఆమె పేరు నిలబెట్టిన వరి, మిగతావాటిలో మామూలు రకాలు.

అదే ఇప్పుడు ఎండుగడ్డిలా వాలిపోయింది.

గ్రీన్‌హౌస్ తలుపు దగ్గర కాపలాదారు చెల్లప్పన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తాళం అతని దగ్గరే ఉంటుంది.

"నేను తాకలేదమ్మా. మా తాత మీద ఆన."

"మీ తాత ఎప్పుడో పోయినాడు గదా. ఆయన మీద ఆనేస్తే నీకేం నష్టం?"

"సెరి, మా ఇంటిదాని మీద ఆన."

"అది ఇంకా నీకు లాభం. జరుగు."

ఆమె నాలుక పదునని పరిశోధనా కేంద్రంలో అందరికీ తెలుసు. చెల్లప్పన్ పక్కకు జరిగాడు.

లోపల కీర్తిక ఏడుపు మొహంతో ఉంది. కానీ తెలివైన పిల్ల. మేడమ్ అడగబోయేవన్నీ ముందే చూసిపెట్టింది. "నీళ్లలో ఉప్పు ఎంత ఉండాల్నో అంతే ఉంది మేడమ్. మందు గిందు ఏం కలపలేదు, మంచినీళ్ల వరస చూడండి, పచ్చగా ఉంది. విత్తనం మారిందేమో అని డీఎన్‌ఏ కూడా చూసినాను. మన వరే. మిగతా వరసలు ఎట్ల పోయినాయో మూడోది కూడా అట్లే పోయింది. దీనికని వేరేగా ఏం జరగలేదు."

"వేరేగా ఏం జరగకుంటే ఇది బతికుండాల గదే!"

మరగతం నేలమీద చతికిలబడి మూడో వరసలోని మొదటి కుండీని దగ్గరికి లాక్కుంది. ఆకు తుంచి చూసింది. పురుగు లేదు, తెగులు లేదు. ఉప్పు తిని చచ్చిన వరి ఎలా ఉంటుందో అలాగే ఉంది. కుండీని వెనక్కి నెట్టి చేతులు దులుపుకోబోయి ఆగింది. వేళ్లకు తెల్లటి పొడి అంటుకుంది.

"కుండీలకు ఈ తెలుపేంది?"

"ఉప్పు మేడమ్. మట్టి కుండీ గదా, లోపలి నీళ్లు బయటికి చెమరస్తాయి. తడి ఆరితే ఉప్పు పైన పేరుకుంటాది. మనం ఎప్పుడూ ప్లాస్టిక్ ట్రేలే వాడతాం, అందుకే ఎప్పుడూ చూడలేదు."

మరగతం తలెత్తి చూసింది. ఉప్పునీళ్ల వరసలన్నిటికీ అంచుల దాకా తెల్లటి పొక్కులు. మంచినీళ్ల వరస ఒక్కటే కుమ్మరి ఇచ్చినప్పటి ఎరుపులో ఉంది.

ఆమె లేచింది. బయటికి నడిచి, సెమినార్ హాలు తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

గోడమీద పెద్ద ఫ్రేములో ఆ ఫోటో ఉంది. దేశమంతా, బయటి దేశాల్లోనూ ఆమె ఏ సభలో మాట్లాడినా మొదట చూపించే ఫోటో. అప్పట్లో తుఫానుకు గ్రీన్‌హౌస్ కప్పు లేచిపోతే కుండీలన్నీ కదిర్కామంలోని తన ఇంటి మిద్దె మీదికి మార్చింది. ఆ మిద్దె మీద తీసిందే ఇది, ఉప్పునీళ్ల వరసలను మాత్రమే. అటు ఎండిన వరసలు, ఇటు ఎండిన వరసలు, నడుమ మూడో వరస ఒక్కటే పచ్చగా. ఎవరు చూసినా కళ్లు ఆ పచ్చదనం మీదికే పోతాయి. ఇన్నేళ్లుగా ఆమె కళ్లూ అక్కడికే పోయాయి.

ఇవాళ మొక్కల్ని చూడలేదు. కుండీల్ని చూసింది.

ఎండిన వరసల కుండీలన్నీ తెల్లగా పొక్కి ఉన్నాయి. మూడో వరస కుండీలు ఎర్రగా, నున్నగా ఉన్నాయి.

ఫోటోకు ఇంకా దగ్గరగా జరిగింది. వాన పడిందేమో? పడితే అన్ని వరసల మీదా పడుతుంది. కుండీలు వేరేవేమో? ఒకే కుమ్మరి చేసినవి, ఒకే ఆవంలో కాలినవి. ఎటు తిప్పినా ఒక్కటే జవాబు. ఆ వరసకు ఎవరో మంచినీళ్లు పోశారు. ఆ వరి ఉప్పును తట్టుకోలేదు. దానికి ఉప్పే తగల్లేదు. ఆ వరస మొక్కల్లో మాత్రమే ఉన్న జన్యువును వెతికి పట్టుకుని, ఇదే ఉప్పును ఓర్చే జన్యువని లోకానికి చెప్పింది తను.

ఆ పరీక్ష జరుగుతున్న రోజుల్లో ఆమె ఇంట్లో లేదు. అయిదో నెల దాటిన గర్భంతో, రక్తం ఆగక ఆసుపత్రిలో చేరి, బిడ్డను పోగొట్టుకుని అక్కడే మంచం మీద ఉంది. మిద్దె మీద నీళ్లు పోసే పని ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మనిషికి అప్పజెప్పింది. పొద్దున ఎత్తిన కాఫీ గ్లాసు ఎత్తినట్టే పట్టుకుని కూర్చున్న మనిషికి.

"మేడమ్," వెనకనుంచి కీర్తిక గొంతు. "ఒకటి చెప్తే తిట్టరు గదా?"

"చెప్పు."

"అరవిందన్ అన్న చేసినప్పుడు కూడా ఇట్లే పోయినాయంట."

"ఎవరు చెప్పినారు నీకు?"

"ల్యాబ్‌లో అందరికీ తెలుసు మేడమ్. మీ ముందర మాత్రం ఎవరూ చెప్పరు."

మరగతం స్టూలు లాక్కుని ఎక్కి ఆ ఫ్రేము గోడమీద నుంచి దించింది. చంకలో పెట్టుకుని బయటికి వచ్చింది.

అరవిందన్ తట్టాంచావడిలో పైపులు చేసే చిన్న ఫ్యాక్టరీలో సరుకు నాణ్యత చూసే ఉద్యోగంలో ఉన్నాడని ఆమె ఎప్పుడో విన్నది. ఒకప్పుడు ఆమె విద్యార్థి. ఆమె వరినే తీసుకుని పరీక్ష చేసి, మొక్కలు బతకలేదని సెమినార్‌లో లేచి చెప్పాడు. అప్పుడు నిండు హాల్లో ఆమె అన్న మాట ఇప్పటికీ గుర్తే. "వరికి నీళ్లు పొయ్యడం చేతగానోడికి జెనెటిక్స్ ఏమిటికి?" హాలంతా నవ్వింది. ఆ ఏడాది గడవకముందే అతను చదువు మానేశాడు.

గేటు దగ్గరికి వచ్చిన మనిషిని ముందు పోల్చుకోలేకపోయింది. జుట్టు సగం నెరిసింది. చొక్కా మీద తెల్లటి ప్లాస్టిక్ పొడి.

"రండి మేడమ్. టీ తాగతారా? మన క్యాంటీన్ టీ కంటే ఘోరంగా ఉండే టీ ఊర్లో ఇదొక్కటే."

"అరవిందా, అప్పుడు నీ మొక్కలు ఎట్ల చచ్చినాయి?"

అతను ఒక్క క్షణం ఆమె మొహం చూశాడు. "చచ్చేదానికి ఎట్ల ఏముంది మేడమ్. ఉప్పునీళ్లు పోసినాను, చచ్చినాయి. మళ్లీ నాటి మళ్లీ పోసినాను, మళ్లీ చచ్చినాయి. మీరు నాకు నీళ్లు పొయ్యడం రాదన్నారు. కొన్నాళ్లు నేను కూడా నిజమే అనుకున్నాను. మా అమ్మ తులసి చెట్టుకి నీళ్లు పొయ్యమన్నా నాకు రాదని తప్పించుకునేది."

నవ్వుతూనే చెప్పాడు.

"నీకు నీళ్లు పొయ్యడం వచ్చు," అంది. "నువ్వు చెప్పిందే నిజం."

లోపల మిషన్లు రొద పెడుతున్నాయి. అరవిందన్ ఆమె చంకలోని ఫ్రేము వైపు చూశాడు. ఆమె వేలుపెట్టి కుండీల్ని చూపించింది. అతనికి అర్థం కావడానికి ఎంతో సేపు పట్టలేదు.

"అమ్మాడీ," అన్నాడు మెల్లగా. "ఇన్ని కళ్లు చూసినాయి దీన్ని."

"ఊ."

"శుక్రవారం ఆ సంచులు రైతులకి ఇచ్చేస్తారా మేడమ్?"

"ఇయ్యను."

"ఇయ్యకుంటే ఏమిటికని అడగతారు. ఫోటో చూపిస్తే, ఎవరు చేసినారని అడగతారు. మీ ఇల్లు, మీ మిద్దె, మీ పేపర్. మీరే చేసినారంటారు. ఇరవై ఏండ్లు దొంగలెక్కలతో బతికిందంటారు." అతని గొంతులో కసి లేదు. అదే ఆమెకు మరీ కష్టంగా తోచింది. "అందుకని గమ్మున ఉంటారా?"

"నువ్వైతే ఏం చేస్తావు?"

"నేను అప్పుడే చెప్పినాను గదా మేడమ్. ఆ పొద్దు చెప్పి ఈడికొచ్చినాను."

క్షమించమని అడగడానికి ఆమె నోరు తెరిచింది. లోపలి నుంచి ఎవరో అతని పేరు గట్టిగా కేకేశారు. వస్తున్నా అని తిరిగి కేకేసి, "టీ తాగి పోండి మేడమ్," అని చెప్పి అతను లోపలికి వెళ్లిపోయాడు. అడగబోయిన క్షమాపణ ఆమె నోట్లోనే ఉండిపోయింది.

ఇంటికి తిరిగివస్తుంటే ఆటోలో ఫ్రేము మోకాళ్ల మీద పెట్టుకుంది. తనకు తెలియదా? నిజంగా తెలియదా? ఆ మొదటి పరీక్ష తర్వాత, కొలిచి కలిపిన ఉప్పుతో ట్రేల్లో చేసిన ఏ పరీక్షలోనూ అంత గొప్ప ఫలితం మళ్లీ రాలేదు. కొన్ని బతికేవి, కొన్ని చచ్చేవి. బతికినవాటిని ఫలితమంది. చచ్చినవాటికి కారణాలు వెతికింది. వానలు బాగా పడిన ఏడాది పొలంలో పంట నిలబడితే చప్పట్లు కొట్టించుకుంది. వానలు లేని ఏడాది పంట పోతే రైతు సరిగ్గా చూసుకోలేదంది. మాకు రాలేదని ఎక్కడినుంచైనా ఉత్తరం వస్తే, మీ నేల వేరని జవాబు రాసింది. ఆ జవాబులు చదివి ఎంతమంది తమ చేతుల్నే అనుమానించుకున్నారో! అరవిందన్ ఒక్కడు కళ్లముందు ఉన్నాడు కాబట్టి తెలిసింది.

సాయంత్రం ఎండ ఇంకా మిద్దె మీద ఉంది. ఇరవై ఏళ్ల కిందటి అద్దె ఇంటినే తర్వాత వాళ్లు కొనుక్కున్నారు. శ్రీనివాసన్ మెట్ల పక్కనున్న మల్లె తొట్లకు చెంబుతో నీళ్లు పోస్తున్నాడు. ఆమె మెట్లెక్కి వచ్చి పిట్టగోడకు ఫ్రేమును ఆనించి నిలబెట్టింది.

"అన్నం తిన్నావా?" అన్నాడు అతను, ఫ్రేము వైపు చూడకుండా.

"బావా, దీన్ని చూడు."

"చూసిందే గదా."

"చెట్లను కాదు. కుండీలను చూడు."

శ్రీనివాసన్ చెంబు కింద పెట్టాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతులు తుడుచుకున్నాడు, తడి లేకపోయినా తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ఎర్రగా ఉండాయి," అన్నాడు. అప్పటికీ చూడలేదు.

మరగతం అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఫోటో తీసిన దినమే."

వీధిలో ఎవరిదో స్కూటర్ హారన్ మోగుతూ పోయింది. ఆమెకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఇన్ని సన్మానాల్లో, ఇన్ని సభల్లో ఒక్కదానికీ అతను రాలేదు. మిల్లులో షిఫ్టు అనేవాడు, మోకాలి నొప్పి అనేవాడు, నాకు ఇంగ్లీషు తెలీదులే అనేవాడు. నా మొగుడికి నా పేరంటే ఈర్ష్య అని ఆమె స్నేహితుల దగ్గర వేళాకోళం కూడా చేసింది.

"శుక్రవారం ఆ సంచులు పంచొద్దని చెప్పాల," అంది. "ఏమిటికని అడగతారు. నేనే దొంగపని చేసినానంటారు. వాళ్లకి నేనేం చెప్పాల బావా?"

అతను మల్లె తొట్టి అంచు మీద కూర్చున్నాడు. మాట్లాడటం మొదలుపెట్టాక ఆగలేదు.

"నేనే పోసినాను మరగతం. మంచినీళ్లు. మొదట్లో నువ్వు చెప్పినట్టే చేసినాను. షిఫ్టు అయినంక కురుచికుప్పం పొయ్యేది, రెండు క్యాన్లు సముద్రపు నీళ్లు సైకిల్‌కి కట్టుకొని వొచ్చేది, నువ్వు గీత పెట్టిన కాడికి కలిపి పోసేది. అన్నీ వాడతా వొచ్చినాయి. మూడో వరస కూడా. ఆకు కొన ఎండింది, తర్వాత చుట్టుకునింది. ఆసుపత్రిలో నువ్వు ఎట్ల ఉండాయని అడిగితే బాగుండాయనే చెప్పినాను. ఆమీద ఒక దినం డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచి బిడ్డ లేదనింది. నేను లోపలికి వొస్తే నువ్వు గోడ తట్టు తిరుక్కొని పండుకున్నావు. ఎవరితోనూ మాట్లాడలేదు, నాతో కూడా. ఇంటికి వొచ్చి మిద్దె ఎక్కితే ఇవి. పొద్దున లేస్తానే ఈ వరస కాడికే గదా నువ్వు పొయ్యేది, దీంట్లో ఏదో ఉంది బావా అంటా. ఇంటికి వొచ్చి ఇవి కూడా చచ్చినాయని నువ్వు చూడాల్నా అనుకున్నాను. అడుగున ఉప్పంతా కారిపొయ్యేదాకా బిందెలు మోసి పోసినాను. మా నాయన సేద్యం చేసినోడు. వరి ఎండతా ఉంటే చూస్తా నిలబడేది నాకు రాలేదు. నాకేం తెలుసు పేపరూ గీపరూ. ఒక వరస చెట్లు అనుకున్నాను. కుండీల మీద తెల్లగా ఏందో ఉంటే తడిగుడ్డతో తుడిచినాను కూడా, నీకు శుభ్రంగా కనిపించాలని. ఫోటో తీసేటప్పుడు చూస్తే మిగతావన్నీ తెల్లగా, ఇవి ఎర్రగా ఉండాయి. అప్పుడు గదా నేను చేసిందేందో తెలిసింది. చదువుకున్నోళ్లు చూస్తారు, ఎవరో ఒకరు పట్టుకుంటారులే అనుకున్నాను. ఎవరూ పట్టుకోలేదు. నువ్వు పేరు తెచ్చుకుంటా పొయ్యేకొద్దీ చెప్పేది ఇంకా కష్టమయిపోయింది. ఆ అరవిందన్ చదువు మానేసినాడని నువ్వు చెప్పిన పొద్దు అన్నం పోలేదు నాకు. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. శుక్రవారం నన్ను పిలుచుకొని పో. మైకు ముందర నేనే చెప్తాను, నాకొచ్చిన మాటల్లో. ఆమె తప్పు లేదని చెప్తాను. ఆమె అడిగింది గూడా అని చెప్తాను. ఆసుపత్రి నుంచి వొచ్చిన దినం గోడ పట్టుకొని మెట్లెక్కినావు, ఈ వరస ముందర కూర్చున్నావు, నవ్వినావు. ఆ నెల్లో నువ్వు నవ్వింది అదే. నవ్వి నా తట్టు తిరిగి, దీనికి కూడా ఉప్పునీళ్లే గదా పోసినావు బావా అని అడిగినావు. నేను ఊ అన్నాను."